నకలుకెక్కని మాటలు

మామగారు మూడో రోజు కూడా పేపరు విప్పలేదు.

ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు. తనకంటే ముందు ఎవరైనా పేపరు తెరిస్తే, మడత చెడిందని సాయంత్రం దాకా సణిగే మనిషి ఆయన. అలాంటిది మూడు రోజుల పేపర్లు వేసినవి వేసినట్టే బల్ల మీద పడి ఉన్నాయి. ఆయన మాత్రం ముందుగదిలో కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, ఇల్లంతటికీ వీపు చూపించి కూర్చున్నారు.

"అడిగావా?" అంది అత్తగారు వంటింట్లోంచి, గొంతు తగ్గించకుండానే.

"ఏమని అడగను అత్తయ్యా?"

"తప్పయిపోయింది మామయ్యగారూ అని."

కోడలు కాఫీ గిన్నె దించి పొయ్యి కట్టేసింది. "నా తప్పు నాకుంది. అది ఒప్పుకుంటాను. ఆయన తప్పే లేదనమంటే మాత్రం అనలేను."

"అంటే నీ సొమ్మేం పోయింది?"

"డిగ్రీ పోతుంది."

అత్తగారు ఆ మాటకి సిద్ధంగానే ఉంది. "చేరేనాడే చెప్పాను. ఒకటి చదవడమే గొప్ప, నీకు రెండెందుకని. ఇంగ్లీషూ నాదే, హిస్టరీ నాదే అన్నావు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి ఎటు పోతుంది? మధ్యలోకి పోతుంది. పోతే పోయావు, ఆయన్నెందుకమ్మా లాగావు?"

లాగలేదు. ఆయనే వచ్చారు. అసలు ముప్పై ఏళ్లు నిండాక కోడలు యూనివర్సిటీలో చేరతానంటే, ఇంట్లో మొదట సరేనన్నది ఆయనే. "రెండు కళ్లుండగా ఒక కన్ను మూసుకుని ఎందుకు చూడాలి" అని అత్తగారి నోరు మూయించింది కూడా ఆయనే. ఇప్పుడా సంగతి గుర్తు చేస్తే మాట మీద మాట పెరిగి, ఆయన ముట్టని మొదటి కాఫీలాగే ఈ రెండోదీ చల్లారిపోతుందని కోడలు నోరు మెదపలేదు.

ఆవిడ చదువు సంగతి ఇలా ఉంటుంది. ఇంగ్లీషు సాహిత్యం, చరిత్ర రెండూ కలిపి ఒకే డిగ్రీ. చివరి ఏడాది రాయాల్సిన థీసిస్ ఒక్కటే, దాన్ని దిద్దేవాళ్లు మాత్రం ఇద్దరు. ఇంగ్లీషు సారుకి వాక్యం కావాలి. హిస్టరీ మేడానికి ఆధారం కావాలి. ఇద్దరూ సంతకం పెడితేనే శుక్రవారం సాయంత్రం ఐదింటికి థీసిస్ తీసుకుంటారు. పోనీ వచ్చే ఏడాది ఇద్దామంటే ఆ దారీ లేదు. చేరేవాళ్లు లేరని ఈ జంట డిగ్రీని ఈ బ్యాచితోనే ఎత్తేస్తున్నారు. ఈ శుక్రవారం తప్పితే ఆవిడ ఇంగ్లీషుకీ చెందదు, హిస్టరీకీ చెందదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అచ్చం అదే.

థీసిస్ దేనిమీదంటే, నూరేళ్ల కిందటి ఒక ఆడపిల్లల బడి ప్రధానోపాధ్యాయురాలు రోజూ రాసుకున్న పుస్తకాల మీద. మొత్తం ఆరు పుస్తకాలు. ఇంట్లో ఆవిడకి 'పెద్ద టీచరు' అని పేరు పడిపోయింది. పెద్ద టీచరు పుస్తకాలు పాత రికార్డుల ఆఫీసులో ఉన్నాయి. అక్కడ ఫొటోలు తియ్యనివ్వరు. పెన్ను కూడా పట్టుకెళ్లనివ్వరు, పెన్సిలుతో రాసుకోవాల్సిందే. ఆ ఆఫీసు పదింటికి తీసి నాలుగింటికి మూసేస్తారు. ఆ పది నుంచి నాలుగు మధ్యే కోడలికి రెండు డిపార్టుమెంట్ల క్లాసులూ ఉంటాయి.

"నేను రాసి పెడతాను" అన్నారు మామగారు. నలభై ఏళ్లు కోర్టులో నకళ్ల గుమాస్తాగా చేసిన చెయ్యి. ఏడు నెలలు, చెక్కిన పెన్సిళ్లు ఆరు జేబులో పెట్టుకుని, ఆఫీసుకి వెళ్లినట్టే వెళ్లారు. ముత్యాల్లాంటి అక్షరాలతో ఆరు పుస్తకాలకీ ఆరు నకళ్లు తెచ్చిపెట్టారు.

మొదటి పుస్తకాన్ని కోడలు స్వయంగా వెళ్లి సరిచూసింది. అందులో కొట్టివేత ఒక్కటీ లేదు, నకల్లో పొల్లు పోలేదు. దాంతో మిగతా ఐదూ చూడలేదు. చూడకుండా నమ్మడమే ఆవిడ చేసిన తప్పు.

పోయిన వారం హిస్టరీ మేడం ఏదో అనుమానం వచ్చి తనే వెళ్లి రెండో పుస్తకం తెరిచి చూసింది. పేజీ పేజీకీ కొట్టివేతలు. రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసిన వాక్యాలు. మామగారి నకల్లో వాటి జాడ లేదు. నీళ్లు తాగినంత సాఫీగా ఉంది నకలు. కోడలు ఆ సాఫీతనం చూసే ముచ్చటపడి, మూడో అధ్యాయం మొత్తం దానిమీదే రాసింది. దాని పేరు 'తడబాటు లేని వాక్యం'. ఇంగ్లీషు సారు పక్కన 'భేష్' అని కూడా రాశాడు. హిస్టరీ మేడం ఆ భేష్ కింద ఎర్ర సిరాతో ఇంకో మాట రాసింది: "మీరు వర్ణించిన మనిషి ప్రధానోపాధ్యాయురాలు కాదు. మీకు నకలు రాసి ఇచ్చినవారు."

ఆ మాటని కోడలు ఇంటికి తెచ్చి, అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు పైకి చదివేసింది. కోపంలో చదివింది, ఆలోచించలేదు. మామగారు చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అప్పటి నుంచి ఇదీ వరస.

కోడలు కాఫీ పట్టుకుని ముందుగదిలోకి వెళ్లింది. ఆయన వెనక నిలబడితే ఆయన తిరగరని తెలుసు. అందుకని చుట్టూ తిరిగి వెళ్లి, కిటికీ గట్టు మీదే కూర్చుంది. ఇక ఆయన చూడక తప్పదు.

"మామయ్యగారూ, నేను బతిమాలడానికి రాలేదు."

"తెలుసు. మీ అత్తయ్య గొంతు వీధి చివరిదాకా వినపడింది."

"ఒక్కటే అడుగుతాను. కొట్టేసినవి ఉన్నాయని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు."

"ఉన్నాయని తెలిస్తే కదండీ అడగడానికి."

ఆయన కాఫీ అందుకోలేదు. "నలభై ఏళ్లు నకళ్లు రాశాను. చిత్తులో కొట్టేసింది శుద్ధప్రతిలో ఎక్కదు. ఎక్కితే ఆ నకలు చెల్లదు. నాకీ మాట నేర్పిన పెద్ద గుమాస్తా పోయి పాతికేళ్లయింది. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు నా నకలు వెనక్కి పంపలేదు. ఇవాళ మీ మేడం పంపించింది."

"ఇది కోర్టు కాదు కదా."

"కాగితం ఎక్కడైనా కాగితమే."

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తే అది పట్టుకోక మళ్లీ మళ్లీ తంతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఇద్దరూ ఆ బండి సంగతే ముఖ్యమన్నట్టు విన్నారు.

"పోనీ రూలు వదిలెయ్యి" అన్నారు మామగారు ఉన్నట్టుండి. "మర్యాద చూడు. ఒక మనిషి ఒక మాట రాసి, వద్దనుకుని కొట్టేసింది. నూరేళ్లకి నువ్వొచ్చి, 'కాదమ్మా, నువ్వు కొట్టేసిందే నాక్కావాలి' అంటావు. పరాయి వాళ్ల ఇంట్లో చెత్తబుట్ట వెతకడానికీ దీనికీ తేడా ఏమిటి?"

ఇది కోడలు అనుకోని మాట. రూలు మీద పోట్లాడదామని వచ్చిన మనిషికి మర్యాద ఎదురొచ్చింది.

"ఆవిడ వద్దనుకుంది, నిజమే. ఎందుకు వద్దనుకుందో తెలుసుకోవడమే నా చదువు మామయ్యగారూ. రాసిన మాట ఇంగ్లీషు వాళ్లు చూస్తారు. ఎందుకు కొట్టాల్సొచ్చిందో హిస్టరీ వాళ్లు చూస్తారు. రెండూ చూస్తానని కదా నేను చేరింది. మీరే కదా రెండు కళ్లున్నాయన్నది."

మామగారు ఆ మాటకి కాఫీ గ్లాసు అందుకున్నారు. తాగలేదు, పట్టుకున్నారు.

"నీ మూడో అధ్యాయం నాకు చదివి వినిపించావు, గుర్తుందా? 'ఈ చేతికి వణుకు తెలియదు' అని రాశావు. పెద్ద టీచరు గురించి ఎంత బాగా రాసిందీ పిల్ల అనుకున్నాను. ఇప్పుడు మీ మేడం ఆ చెయ్యి నాదంటోంది." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "దానికి కోపం తెచ్చుకోవాలో, సంతోషించాలో తేలక మూడు రోజుల్నించి ఇలా కూర్చున్నాను. నీమీద అలిగి కాదు."

కోడలికి నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండింటినీ ఆపుకుని అసలు విషయం చెప్పింది. "రేపు పదకొండింటికల్లా వివరణ రాసివ్వమంది మేడం. నకలు ఎవరు రాశారు, ఎలా రాశారు, ఎందుకలా జరిగిందీ అంతా రాయాలి. మీ గురించి రాయాల్సొస్తుంది."

మామగారు మళ్లీ కిటికీలోంచి బయటికి చూశారు. "నలభై ఏళ్లలో నా మీద ఒక్క కాగితం లేదు" అని మాత్రం అన్నారు.

*

సాయంత్రం భర్త పని నుంచి వచ్చేసరికి కోడలు భోజనాల బల్ల మీద చిత్తు రాస్తోంది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. చేతులకి గ్రీజు ఉండగానే వంగి చదవబోయాడు.

"ముట్టుకోకు. మరకలైతే ఇంకో వివరణ రాయాలి."

"చదువు మరి."

చదివింది. పెద్దగా లేదు, ఒక పేజీ. అందులో అసలు మాటలు మూడు వాక్యాలు. "నకలు మా మామగారు రాశారు. కోర్టులో నలభై ఏళ్లు నేర్చిన పద్ధతి ప్రకారం ఆయన కొట్టివేతలను వదిలివేశారు. దానిని అసలుతో పోల్చి చూడకపోవడం నా తప్పు."

భర్త స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మొదటి రెండూ అవసరమా?"

"అవే అడిగారు."

"'నకలులో పొరపాటు జరిగింది' అని రాయి. సరిపోతుంది. లిఫ్టు మధ్యలో ఆగిపోతే మేం అలాగే రాస్తాం. సాంకేతిక లోపం అంటాం. ఎవడు బోల్టు బిగించలేదో రాయం."

"అందుకే అది మళ్లీ ఆగుతుంది."

భర్తకి నవ్వొచ్చింది గానీ తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి ఉండటం చూసి మింగేశాడు. అత్తగారు ఈసారి గొంతు పెంచలేదు. అందుకే కోడలికి భయమేసింది.

"అమ్మాయ్. ఆయన రిటైరైన రోజు ఒక పెద్దాయన లేచి, 'ఈ మనిషి చేతి నకలంటే అసలుకి తక్కువ కాదు' అన్నాడు. ఆయన ఇంటికొచ్చి నాకు ఆ మాట మూడు సార్లు చెప్పారు. మా ఆయన ఏదీ రెండో సారి చెప్పే మనిషి కాదు. ఇంకేం వెనకేసుకోలేదమ్మా ఆయన. ఆ ఒక్క మాటే. దాన్ని తీసుకెళ్లి నువ్వు యూనివర్సిటీ ఫైల్లో పెడతానంటున్నావు."

"నేను అబద్ధం రాయలేను అత్తయ్యా."

"అబద్ధం రాయమనలేదు. ఆయన ఊసు లేకుండా రాయమంటున్నాను."

అత్తగారు పళ్లేలు తెచ్చి బల్ల మీద పెట్టి, కోడలి కాగితానికి తగలకుండా ఓ పక్కకి జరిపి, తిరిగి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి.

పెన్ను తీసుకుంది. మొదటి వాక్యం మీద గీత కొట్టింది. రెండో వాక్యం మీద ఇంకోటి. 'నకలు నేను రాయించుకున్నాను, అసలుతో పోల్చుకోలేదు' అని పైన ఇరికించి రాసింది. అబద్ధం కాదు. నిజమూ కాదు. కొట్టేసినంత సేపూ పెద్ద టీచరు ఎలా కొట్టేసి ఉంటుందో ఆవిడకి బాగా తెలిసొచ్చింది.

"ఇది మేడం ఒప్పుకుంటుందా?" అన్నాడు భర్త నెమ్మదిగా.

"ఒప్పుకోకపోవచ్చు."

"మరి?"

"మరేముంది. రేపు చూద్దాం." ఆ మాట ధైర్యంగానే అంది. ధైర్యం ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానుల్లో ఒకటి. కాకపోతే అన్నం మాత్రం సగమే తిన్నది.

*

పొద్దున లేచేసరికి బల్ల దగ్గర మామగారు ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పక్కన కోడలి చిత్తు, ముందు తెల్లకాగితం, దాని మీద ఎండుతున్న సిరా.

"ఇలా గీతలూ అతుకులతో ఉన్న కాగితం ఎవరైనా ఆఫీసులో ఇస్తారా? సాపు రాశాను. తీసుకెళ్లు" అన్నారు.

కోడలు కాగితం అందుకుని మడతపెట్టబోయి ఆగింది. ఇంతకు ముందు ఐదు పుస్తకాలు ఇలాగే అందుకుంది, ఇలాగే మడిచి పెట్టుకుంది.

"మామయ్యగారూ, ఏమనుకోకండి. ఈసారి సరిచూసుకుంటాను."

"చూడు. చూడకపోతే తప్పు."

చిత్తు ఎడం చేతిలో, సాపు కుడి చేతిలో పట్టుకుని నిలబడే చదివింది. అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాలు. మార్జిను ఎప్పటిలాగే గీత గీసినట్టు ఉంది. పేజీ సగంలోకి వచ్చేసరికి ఆవిడ చూపు ఆగిపోయింది.

"నకలు మా మామగారు రాశారు." దాని మీద సన్నటి గీత. "కోర్టులో నలభై ఏళ్లు నేర్చిన పద్ధతి ప్రకారం ఆయన కొట్టివేతలను వదిలివేశారు." దాని మీద ఇంకో గీత. రెండూ స్కేలు పెట్టి కొట్టినవి. గీత కింద ప్రతి అక్షరం చదవడానికి వీలుగా ఉంది. పైన, ఆవిడ ఇరికించిన మాట ఇరికించినట్టే ఉంది.

కోడలు కాగితం మీంచి తలెత్తి ఆయన్ని చూసింది.

"ఏమిటలా చూస్తావు? ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను" అన్నారు మామగారు పెన్ను మూత బిగిస్తూ. "ఇలా రాయడం నా చేతికి కొత్త. గీత కొట్టడానికి మూడు సార్లు స్కేలు జరిపాను."

అత్తగారు గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. వచ్చి కాగితం లాక్కుంటుందనుకుంది కోడలు. ఆవిడ ఆ పని చెయ్యలేదు. లోపలికి వెళ్లి, ఆయన బూట్లు తెచ్చి కుర్చీ పక్కన పెట్టింది. "ఎటూ వెళ్తారని తెలుసు. పాలిష్ చేసే ఉంచాను" అంది, ఎవరి మొహమూ చూడకుండా.

*

ఇంగ్లీషు డిపార్టుమెంటుకీ హిస్టరీ డిపార్టుమెంటుకీ మధ్య ఒక వరండా ఉంది. కోడలు మూడేళ్లూ ఆ వరండాలోనే ఎక్కువ గడిపింది. ఇవాళ ఇద్దరు పంతుళ్లూ హిస్టరీ మేడం గదిలోనే ఉన్నారు. కాగితం ముందు మేడం చదివింది. కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చదివింది. ఇంగ్లీషు సారుకి అందించింది.

"ఈ కొట్టేసిన రెండు లైన్లూ..." అంటూ ఆవిడ మొదలుపెట్టేలోపే మామగారు లేచి నిలబడ్డారు. నలభై ఏళ్ల అలవాటు, పైవాళ్ల ముందు కూర్చుని మాట్లాడటం రాదు.

"నకలు రాసింది నేనండి. వదిలేసిందీ నేనే. అమ్మాయి నా పేరు కాపాడదామని కొట్టేసింది. కొట్టేసినా మీరు చదవాలని నేను ఎక్కించాను."

"కూర్చోండి" అంది మేడం. ఆయన కూర్చున్నాక గానీ మళ్లీ మాట్లాడలేదు. "నాకు వచ్చిన వివరణల్లో ఇంత నిజమైనది చూళ్లేదు. దీన్ని ఒప్పుకుంటున్నాను. కానీ శుక్రవారం మారదు. కొట్టివేతలతో సహా నకలు సరిచేసి, దానికి తగ్గట్టు థీసిస్ మార్చి తేవాలి. ఇంకా రెండున్నర రోజులున్నాయి. ఐదు పుస్తకాలు."

"చేస్తాం" అన్నారు మామగారు.

కోడలు ఆయన వైపు చూసింది. ఆ 'చేస్తాం'లో తనూ ఉందని తెలిసి, "చేస్తాం" అంది తనూ.

ఇంగ్లీషు సారు గొంతు సవరించుకున్నాడు. భేష్ అని రాసిన పాపం ఇంకా ఆయన్ని పీకుతోంది. "మరి మూడో అధ్యాయం?"

"అది మా మామయ్యగారి గురించి రాసిన అధ్యాయం సార్. ఎంత మార్చినా పెద్ద టీచరుకి సరిపోదు. ఇంటి దగ్గర ఉంచుకుంటాం. కొత్తది రాస్తాను."

మేడం నవ్వింది. నవ్వుతూనే ఒక ప్రశ్న వేసింది. "లైన్లు వదిలేశారు సరే. పూర్తిగా కొట్టేసిన పేజీలు కూడా ఏమైనా ఉన్నాయా?"

మామగారు చొక్కా జేబులో పెన్సిళ్లు ఒకసారి సర్దుకున్నారు.

"ఒకటుందండి. నాలుగో పుస్తకంలో."

*

రికార్డుల ఆఫీసులో ఆయన కుర్చీ అలాగే ఉంది. పుస్తకాలు తెచ్చి ఇచ్చే ఆవిడ ఆయన్ని చూసి, "మళ్లీ వచ్చారా బాబాయిగారూ, అయిపోయిందన్నారుగా" అంది. "అయిపోయిందనుకున్నానమ్మా" అన్నారు మామగారు.

రెండో పుస్తకంతో మొదలుపెట్టారు. ఆయన చదవడం, కోడలు రాయడం. సగం పుస్తకం అయ్యేసరికి మూడు దాటింది. అప్పుడు ఆయనే, "నాలుగోది తెప్పించు. అది ఇవాళ చూడకపోతే నాకు నిద్రపట్టదు" అన్నారు.

కోడలికి ఆ పేజీకి ముందున్న రోజు రాత బాగా తెలుసు. థీసిస్‌లో ఎత్తి రాసుకున్న వాక్యమే. "తనిఖీ అధికారికి ఎదురు ప్రశ్న వేసినందుకు నేతపనివాడి కూతురిని ఇంటికి పంపించాను. రూలు రూలే." తడబాటు లేని వాక్యం అంటే ఇదీ అని ఆవిడ రెండు పేజీలు రాసింది.

మామగారు పేజీ తిప్పారు. కాగితం నిండా రాత, కింది మూల నుంచి పై మూల దాకా ఒక్కటే పెద్ద గీత. రాత బాగా వెలిసిపోయింది. కోడలికి అక్కడో మాట, ఇక్కడో మాట తప్ప అందలేదు. పాత దస్తూరీలతో బతికిన ఆయన మాత్రం వేలు ఆనించకుండా, పెన్సిలు వెనక భాగంతో చూపిస్తూ, నెమ్మదిగా చదివారు.

"'అయ్యా, నన్ను ఉద్యోగం నుంచి విడుదల చెయ్యండి. ఆ పిల్ల వెళ్తూ, నేనేం తప్పు చేశానని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. అడగమని నేర్పింది నేను. అడిగినందుకు పంపించిందీ నేనే. ఇకపై ఏ పిల్లని ప్రశ్న అడగడానికీ నాకు అర్హత లేదు.' కింద సంతకం ఉంది."

కోడలు పెన్సిలు కింద పెట్టేసింది. వణుకు తెలియదని తను రాసిన చెయ్యి ఇది.

"దీన్ని చదివి కూడా వదిలేశారా మామయ్యగారూ?"

"వదిలేశాను." ఆయన తల వంచుకోలేదు, దాచుకోలేదు. "చదివిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. అయినా వదిలేశాను. పంపించాలనుకుంది, మనసు మార్చుకుంది, కొట్టేసింది. ఆవిడ పరువు ఆవిడది, మధ్యలో మనమెవరం అనుకున్నాను."

కోడలు మళ్లీ పెన్సిలు అందుకుంది. ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పబోయారు. "అయ్యా, నన్ను..." అని ఆగిపోయారు. పుస్తకం కొంచెం ఎత్తి, కిటికీ వెలుగుకి వాల్చారు. జేబులోంచి భూతద్దం తీసి, రాతని కాదు, గీతని చూడటం మొదలుపెట్టారు.

"అమ్మాయ్. ఆ రెండో పుస్తకం ఇలా పెట్టు."

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టింది. ఆయన భూతద్దం దీనిమీది నుంచి దానిమీదికి, దానిమీది నుంచి దీనిమీదికి జరుపుతూ చాలాసేపు చూశారు. ఆయన పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నట్టు.

"ఆవిడ కొట్టేటప్పుడు రెండు గీతలు కొడుతుంది. చూడు, ప్రతిచోటా రెండే. ఎడమ నుంచి కుడికి. చివర చిన్న కొక్కెం తిప్పుతుంది. ఐదు పుస్తకాల్లో ఎక్కడా ఇది తప్పలేదు, నేను సాక్షిని." పెన్సిలు నాలుగో పుస్తకం మీదికి వచ్చింది. "ఇది ఒంటి గీత. కింద నుంచి పైకి లాగింది. కొక్కెం లేదు. సిరా చూడు, రాత నీలం, గీత నలుపు."

"అంటే?"

"ఆవిడ కొట్టెయ్యలేదమ్మాయ్."

కోడలు ఆ నల్లగీతని కింద నుంచి పైకి చూసింది. ఎవరో ఈ పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. ఆ ఉత్తరం చదివారు. వద్దనుకున్నారు. పెద్ద టీచరు వద్దనుకోలేదు.

మామగారు భూతద్దం కింద పెట్టారు. "గీత కనిపిస్తే చాలు, వదిలేసేవాణ్ణి" అన్నారు. "నలభై ఏళ్లు. ఎవరి కాగితాలో, ఎవరి మాటలో. ఆ గీత ఎవరు కొట్టారని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా చూడలేదు."

పుస్తకాల ఆవిడ వచ్చి బల్ల పక్కన నిలబడింది. "నాలుగయింది బాబాయిగారూ. ఇచ్చెయ్యండి, రూలు మీకు తెలుసుగా."

కోడలు లేవబోయింది. మామగారు లేవలేదు. ఆయన అరచెయ్యి తెరిచిన పేజీ పక్కన బల్ల మీద ఉంది.

"తెలుసమ్మా" అన్నారు. "కానీ ఇవాళ, ఈ పేజీ నకలుకెక్కేదాకా ఇవ్వను."